ఆర్‌సెటి పుట్టగొడుగుల కోర్సు: చేరబోయేవాళ్ల కోసం

మా జిల్లాలోని ఆర్‌సెటిలో, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో, పుట్టగొడుగుల పెంపకం కోర్సు చేశాను. ఇంటి వెనక తాటాకు షెడ్డు వేసుకుని ఇప్పుడు ఆ పనే చేసుకుంటున్నాను. మా డ్వాక్రా సంఘంలోవాళ్లు, ఇదివరకు నాతో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పిన టీచర్లు, వాళ్ల చుట్టాలు ఫోన్ చేసి "చేరమంటారా అండీ, వద్దంటారా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకచోట వివరంగా రాస్తే నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

చేరమనే చెప్తాను. కాకపోతే అక్కడ ఏం దొరుకుతుందో తెలిసి చేరండి. గడ్డి నానబెట్టడం, బెడ్లు (పుట్టగొడుగులు పెరిగే గడ్డి సంచులు) కట్టడం ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూసి కూడా చాలావరకు నేర్చుకోవచ్చు. కొత్తగా ఒక పని పెట్టుకున్న మనిషికి మొదటి కొన్ని నెలలు ఎలా గడుస్తాయో, డబ్బు రాని రోజుల్లో ఇంట్లోవాళ్ల మాటలకి, మన లోపలి దిగులుకి ముందే ఎలా సిద్ధపడాలో నాకు ఇంకెక్కడా ఎవరూ చెప్పలేదు. ఆ కేంద్రంలో చెప్పారు. అందుకే ఇంత ఇదిగా రాస్తున్నాను.

తెలియనివాళ్లకు ముందు నాలుగు మాటలు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే గారు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పల్లెటూరి నిరుద్యోగుల కోసం రుడ్‌సెటి అని ఒక సంస్థ పెట్టారు. అది బాగా నడవడం చూసి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ జిల్లాకొకటి ఉండాలని బ్యాంకుల చేత పెట్టించినవే ఈ ఆర్‌సెటిలు. నడిపేది బ్యాంకు. శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం, మన దగ్గర రూపాయి కట్టించుకోరు. టైలరింగ్, బ్యూటీ పార్లర్, పాడి పశువులు, సెల్‌ఫోన్ రిపేరు, పచ్చళ్లు, మసాలా పొడులు, ఇలా చాలా కోర్సులున్నాయి. పుట్టగొడుగులది 10 రోజులు. కోర్సు అయిపోయాక రెండేళ్లపాటు మన బాగోగులు కనుక్కోవాలన్నది వాళ్ల నియమం. ఆ సంగతి కింద చెప్తాను, అందులో నాకు కొంచెం అసంతృప్తి ఉంది.

చేరినరోజు అందరూ గడ్డి ఎక్కడ, గింజ ఎక్కడ అని చూస్తారు. మొదట్లో అవేమీ కనపడవు, ఆటలాడిస్తారు. మా బ్యాచ్‌లో కొంతమంది ఆడవాళ్లు పిల్లల్ని అమ్మల దగ్గర వదిలి వచ్చారు. ఇంత దూరం వచ్చింది ఆడుకోవడానికా అని వాళ్లు గట్టిగానే విసుక్కున్నారు. ఆ విసుగులో న్యాయం ఉంది. ఈ ఆటలు ఎందుకాడిస్తారో మొదటిరోజే రెండు ముక్కలు చెప్తే బాగుంటుంది. మీరు చేరితే మాత్రం ఆ ఆటలప్పుడు ఫోన్ పక్కన పెట్టి మనసు పెట్టి చూడండి.

ఒకటి దిమ్మెలాట. కళ్లకు గంతలు కట్టి, ఎడమచేత్తో మాత్రమే చెక్క దిమ్మెలు ఒకదానిమీద ఒకటి పేర్చమంటారు. మొదలుపెట్టేముందు "ఎన్ని పేరుస్తావమ్మా" అని అడిగి బోర్డు మీద అంకె రాస్తారు. పక్కన ఇద్దరు నిలబడతారు. మా గదిలో పక్క మంచం అక్కని పిలిచారు. ఆవిడ ఆరు అంది. పక్కన నిలబడినవాళ్లలో ఒకాయన, కావాలనే అలా చేయమని ఆటలాడించే సార్ చెప్పారట, "పడిపోద్ది, పడిపోద్ది, జాగ్రత్త" అంటూనే ఉన్నాడు. అక్క చెయ్యి వణికి నాలుగో దిమ్మెకే మొత్తం కూలింది. రెండోసారి ఇంకో అమ్మాయిని నిలబెట్టారు. ఆ అమ్మాయి పెద్దగా ఏమీ అనలేదు. "కొంచెం కుడికి అక్కా... ఇంకొంచెం... ఆ, వదిలెయ్" అంటూ పోయింది. పదకొండు పేర్చింది అక్క. గంతలు విప్పి చూసుకుని నోట మాట రాలేదు ఆవిడకి.

సార్ పొగడలేదు, చప్పట్లు కొట్టించలేదు. "మీ ఇంట్లో మొదటి గొంతు ఎవరిది, రెండో గొంతు ఎవరిది?" అని అడిగి కూర్చున్నారు. గది చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. ఎవరికి వాళ్లకి తెలుసు జవాబు. తర్వాత నెమ్మదిగా చెప్పారు: మొదటి గొంతువాళ్లు శత్రువులు కారు, మనకేమవుతుందోనని భయపడేవాళ్లు. ఆ భయం మన చేతిలోకి దిగకుండా చూసుకోవడం మాత్రం మన పని.

ఇంకోటి రింగులాట. నేలమీద మేకు పాతి గీతలు గీస్తారు. ఎంత దూరం గీత నుంచి రింగు వేస్తే అన్ని ఎక్కువ మార్కులు. ఎక్కడ నిలబడాలో మన ఇష్టం. కొందరు మేకు మీదికి వంగిపోయి వేశారు, అన్నీ పడ్డాయి, మార్కులు రాలేదు. మగపిల్లలు ఇద్దరు చిట్టచివరి గీత దగ్గర నిలబడి విసిరారు, ఒక్కటీ పడలేదు. మధ్య గీత దగ్గర మొదలుపెట్టి, పడ్డకొద్దీ అర అడుగు వెనక్కి జరుగుతూ వేసినవాళ్లు ముగ్గురో నలుగురో ఉన్నారు. అప్పుడే సార్ మా కాకినాడ కథ చెప్పారు. ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన నాకు అంతవరకు తెలియదు.

1964లో హార్వర్డ్ నుంచి డేవిడ్ మెక్‌క్లెలండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఏదైనా సాధించాలన్న తపన పెద్దయ్యాక కూడా నేర్పితే వస్తుందా అని తేల్చుకోవడానికి కాకినాడ వ్యాపారస్తుల్ని ఎంచుకున్నాడు. వాళ్లని హైదరాబాద్‌లోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి పిలిపించి శిక్షణ ఇచ్చారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐఎంఎస్ఎంఈ అంటున్నది ఆ సంస్థే. ఆటలు ఆడించారు, కథలు రాయించారు, తమ లక్ష్యమేంటో తమ చేతే కాగితం మీద పెట్టించారు. తర్వాత కొన్నేళ్లు గమనిస్తే, శిక్షణ తీసుకోనివాళ్లతో పోల్చినప్పుడు వీళ్లలో ఎక్కువమంది వ్యాపారం పెంచుకున్నారు, కొత్తగా పెట్టుబడులు పెట్టారు. పాత ఆచారాల్లో ఉన్నవాళ్లు మారరన్న మాట అక్కడ నిలబడలేదు. పూజలూ పట్టింపులూ ఉన్నవాళ్లే ఆ పని చేసి చూపించారు. ఈ రోజు దేశమంతా ఇలాంటి కేంద్రాల్లో ఆడిస్తున్న ఆటలకి మూలం ఆ పరిశోధనల్లోనే ఉంది. మనకి చేతకాదు అనుకునే ఆడవాళ్లకి ఇది చెప్పాలనిపించి ఇంత రాశాను. ధైర్యంగా ఉండటం, కొలత వేసుకుని అడుగేయడం పుట్టుకతోనే రావాల్సిన పనిలేదు. మా ఊరివాళ్లు అరవై ఏళ్ల కిందటే నేర్చుకున్నారు.

నా వరకు అన్నిటికన్నా విలువైనది ఒక కాగితం. నాలుగోరోజు సాయంత్రం అనుకుంటాను, తలా ఒక తెల్లకాగితం ఇచ్చి మూడు ప్రశ్నలకు జవాబు రాయమన్నారు. రాసింది ఎవరికీ చూపించక్కర్లేదు. ఈ పని నుంచి పైసా రాకపోయినా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? ఎవరు ఏ మాటంటే నీకు అన్నిటికన్నా ఎక్కువ బాధేస్తుంది? ఎంత డబ్బు పోయేదాకా, ఎన్నాళ్లు గడిచేదాకా ఆగకుండా చేస్తావు, ఆ తర్వాత ఆపేస్తావు?

రెండో ప్రశ్నకి మా తోటికోడలి పేరు రాశాను. "నీడపట్టున కూర్చునే స్కూలు ఉద్యోగం వదులుకుని గడ్డిలో బూజు పెంచుకుంటోంది" అని ఆవిడ అంటుందని రాశాను. మూడు నెలల తర్వాత ఒక పెళ్లిలో, పదిమందిలో, దాదాపు అదే మాట అంది. నాకు కోపం రాకపోలేదు. కానీ ఆ మాట నా కాగితం మీద అప్పటికే ఉంది. ఎదురుచూసిన చుట్టం వచ్చినట్టు వచ్చింది, అంతే. "అవునక్కా, తెల్లబూజే, అది సరిగ్గా పడితేనే పంట" అన్నాను. ఇంటికొచ్చి ఏడవలేదు. ఆ కాగితం రాయకపోతే ఆ రాత్రే షెడ్డు పీకించేసేదాన్నని నాకు గట్టి నమ్మకం.

మూడో ప్రశ్న గురించి కూడా చెప్పాలి. కొత్తగా పని పెట్టేవాళ్లకి అందరూ "ఓపిక పట్టు, ఓపిక పట్టు" అంటారు. ఎక్కడిదాకా పట్టాలో ఎవరూ చెప్పరు. హద్దు లేని ఓపికకి పుస్తెలతాడు కూడా తాకట్టులోకి వెళ్లిపోయిన ఇళ్లు నేను చూశాను. సార్ చెప్పింది ఇదీ: మనసు బాగున్నరోజు, ఇంకా నష్టం మొదలవ్వని రోజు, ఆ హద్దు రాసుకోవాలి. నష్టంలో ఉన్నప్పుడు రాసుకుంటే భయంతో మరీ దగ్గరగా గీస్తాం, లేదా పంతంతో చెరిపేస్తాం. నేను ఒక మొత్తం, ఒక నెల రాసుకున్నాను. మా ఆయనకి చూపించాను. అది చూశాక ఆయన రోజూ అడగడం మానేశారు. ఆ నెల వచ్చేదాకా అడగక్కర్లేదని ఆయనకీ తెలిసింది కదా.

ఇక పెంపకం పాఠం. ఇది బాగా చెప్పారు. వరిగడ్డిని రెండు మూడు అంగుళాల ముక్కలుగా కోసి ఆరేడు గంటలు నానబెట్టించారు. తర్వాత దాదాపు 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచి, నీడన ఆరబెట్టించారు. గడ్డి తడి ఎంతుండాలో పుస్తకంలో 60, 65 శాతం అని ఉంటుంది. పెంపకం నేర్పిన మేడం మాత్రం ఒక గుప్పెడు గడ్డి నా చేతిలో పెట్టి గట్టిగా పిండమంది. నీళ్ల చుక్క రాలకూడదు, అరచెయ్యి మాత్రం చెమ్మగా అవ్వాలి. నాది రాలింది. ఇంకో గంట ఆరనిచ్చి మళ్లీ పిండించింది. ఒక్కొక్కరి చేత అలా పిండించి, చెయ్యి ముట్టుకుని చూసి గానీ వదల్లేదు. ఈ ఒక్క విషయం ఏ వీడియోలోనూ రాదు.

తర్వాత పాలిథిన్ సంచిలో ఒక వరస గడ్డి, అంచుల వెంట ఒక వరస స్పాన్, అంటే పుట్టగొడుగుల విత్తనం, మళ్లీ గడ్డి. మూతి కట్టి, అక్కడక్కడ రంధ్రాలు పెట్టి చీకటి గదిలో వేలాడదీయడం. ఇక్కడే ఈ కోర్సులో నాకు కనపడిన పెద్ద చిక్కుంది. ముత్యపుచిప్ప (ఆయిస్టర్) రకంలో బూజు, అంటే స్పాన్ నుంచి అల్లుకునే తెల్లటి పోగులు, బెడ్డంతా పాకడానికి 15 నుంచి 20 రోజులు పడుతుంది. ఆ తర్వాత వెలుతురు, గాలి, తేమ ఇస్తే నాలుగైదు రోజులకి మొగ్గలు, ఇంకో మూడు నాలుగు రోజులకి కోత. అంటే దగ్గర దగ్గర నెల. కోర్సేమో 10 రోజులు. మా చేతులతో నింపిన బెడ్లలో మేము ఒక్క మొగ్గ చూడకుండానే సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికొచ్చాం. కోత నేర్పింది ముందు బ్యాచ్‌వాళ్లు కట్టి వెళ్లిన బెడ్ల మీద. అంచులు పైకి లేవకముందే, మొదలు పట్టుకుని మెల్లగా మెలితిప్పి తీయాలని చూపించారు. మొదలూ తెలిసింది, చివరా తెలిసింది. మధ్యలో ఏమీ జరగనట్టు కనపడే ఆ రోజులు ఎలా ఉంటాయో అక్కడ తెలిసే వీల్లేదు.

ఆ రోజుల గురించే నేను చెప్పాల్సింది ఎక్కువ. ఇంటికొచ్చి మొదటి బెడ్లు కట్టాక చీకటి గదిలో చేయాల్సిన పని నిజంగా చాలా తక్కువ. గోనెపట్టాలు తడపాలి, ఎలకలు రాకుండా చూడాలి, ఉష్ణోగ్రత రాసుకోవాలి. మిగతా సమయమంతా మనసు ఊరికే ఉండదు. తలుపు తీసి చూడబుద్ధేస్తుంది. తీసిన ప్రతిసారీ గాలి, దుమ్ము, ఈగలు లోపలికొస్తాయి. సంచి నొక్కి చూడబుద్ధేస్తుంది. మేడం దీనికి ఒక ఉపాయం చెప్పి పంపింది. నోటుపుస్తకంలో రోజుకొక గీత గీసి, పొద్దున సాయంత్రం థర్మామీటరు అంకె రాయాలి. దాని పక్కనే, ఈరోజు నా మనసు ఎలా ఉందో ఒక్క మాటలో రాయాలి. నేను రాశాను. "దిగులు", "ఫర్వాలేదు", "దిగులు", "అమ్మ ఫోన్ చేసింది, బాగుంది". రెండు విడతల పంట అయ్యాక ఆ పుస్తకం తిరగేస్తే, దిగులని రాసిన రోజులు దాదాపు అన్నీ కోతకి వారం ముందు రోజులే. బెడ్లకి ఏమీ కాలేదు ఆ రోజుల్లో. మూడో విడత నుంచి ఆ వారం వస్తోందని ముందే తెలుస్తుంది నాకు. ఆ వారంలో కావాలని కర్రీ పాయింట్ల చుట్టూ తిరిగే పని పెట్టుకుంటాను.

ఒకసారి మాత్రం నిజంగానే దెబ్బ తగిలింది. ఒక ప్రైవేటు డీలర్ దగ్గర కొన్న స్పాన్ పాతది. ప్యాకెట్ మీద తేదీ చెరిగిపోయి ఉంది, అడిగితే నిన్ననే వచ్చిందన్నాడు. వారానికి బెడ్ల మీద ఆకుపచ్చ మచ్చలు లేచాయి. తెల్లవారుజామున ఐదింటికి మేడానికి ఫోన్ చేశాను. ఎత్తింది. "అమ్మా, ఏడుపు తర్వాత. ముందు పచ్చగా ఉన్నవి సంచి విప్పకుండా అలాగే బయటికి తీసుకెళ్లి దూరంగా పూడ్చెయ్. తలుపు దగ్గర సున్నం చల్లు. అదయ్యాక మళ్లీ చెయ్" అంది. అదంతా అయ్యేసరికి పొద్దెక్కింది. మళ్లీ ఫోన్ చేస్తే అప్పుడు ఏడవనిచ్చింది, మధ్యలో మాట్లాడకుండా విన్నది. ఆ కేంద్రానికి నేను ఐదుకి నాలుగు ఇస్తున్నానంటే అందులో ఒకటి అచ్చంగా ఆ ఫోన్‌కాల్‌ది.

మార్కెట్ సర్వే అని ఒకరోజు టౌన్‌లోకి తీసుకెళ్లారు. రైతు బజారు, హోటళ్లు, కర్రీ పాయింట్లు తిరిగి ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అని మాచేతే అడిగించారు. ఇది ఒక్కరోజు చాలదు. మన వైపు పల్లెల్లో పుట్టగొడుగంటే తొలకరికి పుట్టల మీద మొలిచినవి తప్ప కొనుక్కుని తినడం కొత్త. కుక్కగొడుగులేమోనని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. మా వీధిలో నా మొదటి సరుకు వండి పెడితేగానీ ఎవరూ కొనలేదు. కార్తీకమాసంలో బాగా పోతాయని అనుకున్నాను. మాంసం మానేసినవాళ్లు నిజంగానే అడిగి తీసుకెళ్లారు. అదే వీధిలో ఇంకొందరు అదీ నీచుతో సమానమేనని ముట్టుకోలేదు. ముత్యపుచిప్ప రకం ఒక రోజుకి మించి తాజాగా ఉండదు, అందుకని కోసేముందే కొనేవాళ్లు ఖాయమై ఉండాలి. మిగిలితే ఎండబెట్టుకోవచ్చు, పది కిలోలు ఎండితే కిలో అవుతుంది. ఇవన్నీ కోర్సులో చెప్పారు, నిజం. కానీ "వద్దమ్మా" అని ఒక హోటలాయన మొహం మీద అన్నాక మర్నాడు అదే హోటల్‌కి మళ్లీ వెళ్లి నవ్వుతూ నమస్కారం పెట్టడం ఎలాగో, అది చేయించి చూపించాల్సింది. నన్ను వద్దన్న ఒక కర్రీ పాయింట్ ఆయన సంక్రాంతి తర్వాత తనే కబురు పెట్టాడు. ఈ మధ్య కాలమంతా నేను ఆ దారినే వెళ్తూ పలకరిస్తూ ఉన్నాను కాబట్టి గుర్తుపెట్టుకున్నాడు.

అప్పుల సంగతి. మాతోపాటే హాస్టల్లో పచ్చళ్లు, పొడుల బ్యాచ్ నడిచింది. వాళ్లలో చాలామంది పీఎంఈజీపీ, అంటే సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకి కేంద్రం సబ్సిడీతో అప్పు ఇప్పించే పథకం, కోసం వచ్చారు. పల్లెటూళ్లో ఆడవాళ్లకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం పెడితే చాలు అని వినగానే అందరికీ ఆశ పుడుతుంది. ఆ సబ్సిడీ మన చేతికి రాదు. మన పేరుమీద బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని చూశాక అప్పులో సర్దుతారు. ఆ మూడేళ్లు నిలబడగలిగినవాళ్లకే అది సబ్సిడీ. ఈ మాట అక్కడి డైరెక్టర్ గారు మొదటి వారంలోనే మొహమాటం లేకుండా చెప్పారు. కొందరి మొహాలు వాడిపోయాయి. నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది. నేను పెద్ద అప్పుకి పోకుండా డ్వాక్రా సంఘంలో తీసుకుని చిన్న షెడ్డుతో మొదలుపెట్టాను. రింగులాటలో మధ్య గీత నాకు అదే.

చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్రా రుణాల్లో శిశు రుణం, అంటే 50,000 లోపు, అడిగితే ఒక బ్యాంకు బ్రాంచిలో నన్ను చాలాకాలం తిప్పారు. "మీవారిని తీసుకురండి" అన్నారు. అప్పు నా పేరున, పని నాది, సర్టిఫికెట్ నాది. శిక్షణ ఇచ్చింది ఒక బ్యాంకు నడిపే సంస్థ అయినా, బ్రాంచి గుమ్మం దగ్గర ఆ సర్టిఫికెట్‌కి విలువ కట్టేవాళ్లు లేకపోతే మనిషి అక్కడే నీరుగారిపోతుంది. మా బ్యాచ్‌లో మానేసినవాళ్లలో పంట పాడై మానేసినవాళ్లకన్నా ఈ తిరుగుళ్లకి విసిగి మానేసినవాళ్లే నాకు ఎక్కువ తెలుసు. కోర్సు చివరి రోజుల్లో ఒక బ్రాంచి అధికారిని కూర్చోబెట్టి, అక్కడికక్కడే దరఖాస్తులు నింపిస్తే ఎంత మేలు జరుగుతుందో.

రెండేళ్ల బాగోగుల మాట చెప్తానన్నాను కదా. ఫోన్ చేస్తారు, నిజమే. "యూనిట్ పెట్టారా? లోన్ వచ్చిందా? నెలకి ఎంతొస్తోంది?" అని అడిగి రాసుకుని పెట్టేస్తారు. ఫారంలో ఆ గళ్లే ఉంటాయి కాబోలు. ఇంకా పెట్టలేదు అని చెప్పాల్సి వచ్చినప్పుడు పరీక్ష తప్పినట్టు ఉంటుంది. ఎందుకు పెట్టలేదు, ఎక్కడ ఆగింది, ఇంట్లో ఎలా ఉంది అని ఒక్క మాట కలిపితే ఆ పూటకి ధైర్యం వస్తుంది. కోర్సులో మూడు ప్రశ్నల కాగితం రాయించినవాళ్లు ఫోన్‌లో ఆ కాగితం ఊసు ఎత్తకపోవడం నాకు బాధనిపించింది.

రెండో లోటు, ఇంట్లోవాళ్లకి ఏమీ చెప్పరు. దిమ్మెలాటలో పక్కన నిలబడే గొంతు అంత ముఖ్యమని వాళ్లే నేర్పారు. అలాంటప్పుడు చివరి రోజు భర్తనో, అత్తగారినో, అమ్మనో పిలిపించి ఒక పూట కూర్చోబెట్టొచ్చు. నెలరోజులు గదిలో ఏమీ కనపడదని, కనపడకపోవడమే సరైన పద్ధతని మా అత్తగారికి నేను చెప్తే నమ్మడానికి, మేడం చెప్తే నమ్మడానికి చాలా తేడా ఉంది.

వసతి సంగతి క్లుప్తంగా. భోజనం శుభ్రంగా, వేడిగా ఉంటుంది, ఆదివారం గుడ్డు పెట్టారు. ఆడవాళ్ల వైపు బాత్రూములు తక్కువ, పొద్దున క్లాసుకి ముందు వరస కట్టాలి. దుప్పటి, బకెట్ మీవి మీరు తెచ్చుకోండి. చంటిపిల్లలతో ఉండటం కష్టం. రోజూ వచ్చి వెళ్లేలా ఒప్పుకుంటారేమో ముందే అడగండి.

చేరేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు, ఫొటోలు పట్టుకెళ్లండి. బ్యాచ్ ఎప్పుడో మీ జిల్లా ఆర్‌సెటిలో గానీ, మండలంలో వెలుగు ఆఫీసులో గానీ, తెలంగాణలో అయితే సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్ల దగ్గర గానీ కనుక్కోవచ్చు. కుదిరితే వానలు తగ్గాక ఉండే బ్యాచ్ ఎంచుకోండి. ముత్యపుచిప్ప రకానికి చలికాలం అనుకూలం కాబట్టి ఇంటికి రాగానే మొదలుపెట్టొచ్చు, నేర్చుకున్నది చేతిలో ఉండగానే పనిలోకి వస్తుంది. ఎండాకాలం బ్యాచ్‌లో చోటు దొరికితే పాల పుట్టగొడుగుల గురించి గట్టిగా అడిగి నేర్చుకోండి. అవి 30, 35 డిగ్రీల వేడిలో కూడా వస్తాయి, నాలుగైదు రోజులు నిలవ ఉంటాయి. కాకపోతే బూజు పాకాక బెడ్డు మీద మట్టి పరవాలి, ఆ కేసింగ్ మట్టి తయారీ మాకు హడావిడిగా చూపించి వదిలేశారు. మీరు మాత్రం అది మీ చేత్తో చేసేదాకా మేడాన్ని వదలకండి. ఆవిడ ఏమీ అనుకోదు.